బారసూరు నుండి దంతెవాడ వరకు

బస్తరు పేరు వినగానే ఆంధ్రులకు దండకారణ్యమును, ఇంద్రావతీ నదియు స్ఫురించును. విశాఖపట్టణము నుండి రైలుమార్గమున జగదల్పురము చేరువారు చిత్రకోట జలపాతమును కన్నులార చూచి, మరునాడే మరలిపోవుదురు. ఆ పట్టణమున ఉదయమున బయలుదేరి చీకటిపడులోపల తిరిగి రాదగిన దూరముననే తెలుగు శాసనములు వెలసిన గ్రామమొకటి కలదన్న సంగతి వారిలో చాలమందికి తెలియదు. ఆ గ్రామము బారసూరు.

జగదల్పురమునకు పడమటి దిక్కున గీదము వరకు పోయి, అచ్చట ఉత్తరమునకు తిరిగినచో బారసూరు వచ్చును. నేడది చిన్న ఊరు. పదునొకండవ శతాబ్దమున చక్రకోటమండలము నేలిన ఛిందక నాగరాజులకు ముఖ్యపట్టణము. ఆ రాజులలో జగదేకభూషణ బిరుదాంకితుడగు ధారావర్షుని కాలమున, 1060వ సంవత్సరమున, అతని సామంతుడగు చంద్రాదిత్యుడు ఇచ్చట శివాలయమొకటి కట్టించి, చెరువు త్రవ్వించెను. గుడికి చంద్రాదిత్యేశ్వరమనియు, చెరువునకు చంద్రాదిత్యసముద్రమనియు తన పేరే పెట్టుకొనెను. ఇతడు కరికాలుని వంశమువాడనని చెప్పుకొనిన తెలుగు చోడుడు. శాసనమును వ్రాయించినది తెలుగున.

ఈ తేదీని ఒకింత నిలిచి చూడవలెను. రాజమహేంద్రవరమున రాజరాజ నరేంద్రుని ప్రాపున నన్నయ భారతమును తెనిగించిన కాలమునకును దీనికిని ఎడము స్వల్పము. గోదావరీ తీరమున కావ్యభాషగా రూపుదిద్దుకొనుచున్న తెలుగు, ఇంద్రావతి అడవులలో చెరువును, గుడిని లోకమునకు చాటుటకు అప్పటికే పనికివచ్చుచుండెను. రాజరాజుని కుమారుడు, తరువాతి కాలమున కులోత్తుంగ చోడుడని ప్రసిద్ధుడైనవాడు, యువకుడై యుండగా ఈ చక్రకోటముపైననే దండెత్తి ధారావర్షునిచే కప్పము గొనెనని చోడ శాసనములు చెప్పుచున్నవి. ఇరుగుపొరుగుల మైత్రియు వైరమును ఒక్క త్రోవనే నడచినవన్నమాట.

చంద్రాదిత్యుని గుడికి సమీపముననే రెండు గర్భాలయములకు ఒకే మండపమున్న 'బత్తీసా' గుడి కలదు. ముప్పదిరెండు స్తంభములుండుటచే ఆ పేరు వచ్చినది. సోమేశ్వరుని పట్టమహిషి గంగమహాదేవి భర్త పేర నొకటియు, తన పేర నొకటియు రెండు శివాలయములు కట్టించినట్లు చెప్పు శాసనము ఈ జంట గుడికే చెందును. ఇదియు తెలుగు శాసనమే. దీని కాలమును గూర్చి మాత్రము పండితులలో భేదాభిప్రాయము కలదు. మామా-భాంజా గుడియు, కూర్చుండియే మనిషి నిలువును మించిన ఏకశిలా గణపతియు చూడదగినవి. పిల్లలను వెంటబెట్టుకొని పోవువారు గణపతికడనే ఎక్కువసేపు నిలువవలసివచ్చును.

చిత్రకోటకు పోవువారు ఇంద్రావతి తీరముననే యున్న నారాయణపాలమున విష్ణ్వాలయమును గూడ చూడవచ్చును. సోమేశ్వరుని తల్లి గుండమహాదేవి 1111లో దానికి గ్రామదానము చేసిన శాసనము అచ్చట నిలిచియున్నది. అది సంస్కృతము.

గీదమునుండి దక్షిణమున దంతెవాడ. శంఖినీ డంకినీ నదుల సంగమమున దంతేశ్వరీ దేవాలయము. పురుషులు ధోవతి కట్టినగాని లోనికి పోరాదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైన పిదప, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యము స్థాపించెననియు, వెంట వచ్చుచున్న దేవి అందెల సవ్వడి నది ఇసుకలో వినబడక అతడు వెనుదిరిగి చూడగా, ఆమె అచ్చటనే నిలిచిపోయెననియు జనులు చెప్పుకొందురు. ఈ కథ వినునప్పుడు తెలుగువాని హృదయము పొంగుట సహజమే. కాని చరిత్ర దృష్టికి కొంత జాగ్రత్త యవసరము. బస్తరు రాజుల కాకతీయ వంశమును చెప్పు దంతెవాడ శాసనము దిక్పాలదేవుని కాలమున 1703లో వ్రాయబడినది. ఓరుగల్లు పతనమునకు సరిగా 380 సంవత్సరముల తరువాతిది. పైగా అది ఆ వంశమును పాండవులతో ముడిపెట్టుచున్నది. ఓరుగల్లు కాకతీయులో, తమ శాసనములలో దుర్జయుని కులమువారమని చెప్పుకొనిరి. ఇంతమాత్రమున కథ యంతయు కల్ల యనరాదు. ఒక రాజవంశము నాలుగు శతాబ్దులపాటు ఓరుగల్లు పేరును మోయుటకు ఏదో మూలముండియే తీరవలెను. అయినను చంద్రాదిత్యుని శాసనమువలె దానిని సమకాలిక సాక్ష్యమని గైకొనుటకు వీలులేదు. బస్తరులో తెలుగువారి జాడ అన్నమదేవునితో మొదలైనదను వాడుక మాట మాత్రము పొరపాటు. అతని రాకకు రెండువందల అరువదేండ్లకు ముందే బారసూరిలో తెలుగు రాతిపై కెక్కినది.

దంతెవాడలో శాసనశిలలు రెండు. మొదటిది సంస్కృతము. రెండవది అదే వృత్తాంతమునకు దేశభాషా రూపము. కలియుగమున సంస్కృతము చదువగలవారు తక్కువగుదురు కావున రెండవ రాతిపై భాషలో వ్రాయించితిమని అందే కారణము చెప్పబడినది. ప్రజలు చదువవలెనని అంత శ్రద్ధ వహించిన రాజు, తన పూర్వులు ఓరుగల్లువారని చాటుచునే, ఆ భాషగా తెలుగును గాక ఉత్తరాది హిందీ మాండలికమును ఎన్నుకొనెను. అప్పటికి దంతెవాడలో చదువువారి భాష అదియే కాబోలు.