పాత కార్లలో పట్టేసిన బ్యాటరీ బోల్టు

పాత కారులో బ్యాటరీని ట్రేలో కదలకుండా పట్టి ఉంచే బిగింపు బోల్టుగానీ, తీగలను టెర్మినల్‌కు పట్టించే క్లాంపు బోల్టుగానీ తుప్పు పట్టి, మర బిగుసుకుపోయి, పానాకు లొంగకపోవడాన్ని మెకానిక్‌లు బోల్టు పట్టేసిందనీ, జామ్ అయిందనీ అంటారు. బ్యాటరీ మార్చడం మామూలుగా పది నిమిషాల పని. ఈ ఒక్క బోల్టు దాన్ని సాయంత్రం దాకా సాగదీస్తుంది. బండిలో ఇంకెక్కడ బోల్టు పట్టేసినా గ్యాస్ మంటతో కాల్చి తీస్తారు. ఇక్కడ ఆ ఉపాయం పనికిరాదు. బ్యాటరీ ఉండగా మంట పెట్టకూడదు, బ్యాటరీని పక్కకు తీద్దామంటే బోల్టు రాదు.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ తంటా తరచుగా వస్తుంది. 1983 డిసెంబరులో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800లు, అదే ఏడాది ఆగిన అంబాసిడర్లు, అక్కడక్కడ ప్రీమియర్ పద్మినీలు చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఇంకా కనిపిస్తాయి. పదిహేనేళ్లు నిండిన ప్రైవేటు కారుకు ఫిట్‌నెస్ ఉంటే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు కాబట్టి వాటిని తుక్కుకు వేయాల్సిన పని లేదు. ఇంటాయన గల్ఫ్‌లో ఉంటే కారు నెలల తరబడి కవరు కింద కదలకుండా ఉంటుంది. దీనికి తోడు నీళ్లు. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు కాలనీలు మునిగినప్పుడు కార్లూ మునిగాయి. అలా నానిన బండి ఆరాక బాగానే నడవవచ్చు, కానీ మరల్లో చేరిన తడి తన పని తాను చేసుకుపోతుంది.

తుప్పు ఎందుకు పడుతుంది

ఇనుము తుప్పుగా మారితే అసలు లోహం కన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య మరల్లో ఆ చోటు లేదు, అందుకే రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని అతుక్కుపోతాయి. మామూలు తుప్పుకు నీరూ గాలీ చాలు. బ్యాటరీ దగ్గర మూడోది కూడా ఉంది, గంధకామ్లం. చార్జింగ్ అయ్యేటప్పుడు మూతల సందుల్లోంచి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులతో పాటు సన్నని ఆమ్లపు తుంపర బయటికొస్తుంది. టెర్మినల్ మీద పేరుకునే తెల్లటి బూజులాంటి పొడి సీసపు సల్ఫేటు, నీలి ఆకుపచ్చ పొడి రాగి సల్ఫేటు. మే నెల ఎండకు బానెట్ కింద ఇదంతా మరింత వేగంగా సాగుతుంది.

అమర రాజా సంస్థ 2000లో అమరాన్‌ను తెచ్చిన కాలం నుంచి, నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీల వాడకం మన దగ్గర బాగా పెరిగింది. వాటి పలకల్లో కాల్షియం కలిసిన సీసం ఉంటుంది, వాయువు తక్కువగా పుడుతుంది. అయినా కారు పాతదైతే బోల్టు, ట్రే కూడా పాతవే. అవి వెనకటి బ్యాటరీల ఆమ్లం తాగి ఉన్నవి.

విప్పే పద్ధతి

ముందు చూడాల్సింది బోల్టును కాదు, కరెంటును. తీగల్లో బాడీకి కలిపినది ఏదో చూసుకుని దాన్ని మొదట విప్పాలి. ఇప్పటి కార్లన్నిటికీ అది నెగటివ్, 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లకు మాత్రం పాజిటివ్. తిరగేసి చేస్తే, పానా ఒక కొస టెర్మినల్‌కు, రెండో కొస బాడీకి తగిలి వందల ఆంపియర్లు పారతాయి, పానా ఎర్రగా కాలుతుంది. ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకోవడం అందుకే. మరి పట్టేసింది ఆ మొదటి క్లాంపే అయితే? అదే తీగ రెండో కొస బాడీకి బిగించిన చోట విప్పేస్తే సరిపోతుంది. ఈ సులువు చాలామందికి తట్టదు, క్లాంపుతోనే కుస్తీ పడతారు.

పొడిని గ్లాసు నీటిలో చెంచాడు వంటసోడా కలిపి కడగాలి. నురగ ఆగిందంటే ఆమ్లం విరిగిందన్నమాట. వేణ్ణీళ్లు పోయడం వాడుకలో ఉన్నదే, రాగి సల్ఫేటు దానికి కరుగుతుంది. ఏది పోసినా బ్యాటరీ మూతల్లోంచి లోపలికి దిగకూడదు.

తర్వాత చొచ్చుకుపోయే నూనె. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ల కోసం పుట్టిన డబ్ల్యూడీ-40 ఇప్పుడు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. కిరసనాయిలు కూడా కొంత పనిచేస్తుంది గానీ మండే సరుకు, పైగా నెమ్మది. నూనె ఏదైనా చేసేది సగం పనే, మిగతా సగం చేసేది సమయం. పోసి వెంటనే పానా ఎక్కించేవాడికి నూనె దండగ. అరగంట ఆగి, మళ్లీ పోసి, వీలైతే రాత్రంతా వదిలేయాలి. మధ్యమధ్య బిగింపు బోల్టు తలమీద చిన్న సుత్తితో తట్టాలి, టెర్మినల్ దగ్గర మాత్రం సుత్తి వద్దు. టెర్మినల్ స్తంభం లోపల సీసపు పలకలకు అతికి ఉంటుంది, దెబ్బకు ఆ అతుకు ఊడితే బ్యాటరీ పోయినట్లే. క్లాంపు కింద స్క్రూడ్రైవర్ పెట్టి పైకెత్తినా అదే గతి.

తిప్పేటప్పుడు ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పాలి. తుప్పు పొర పగిలి కిర్రుమంటుంది, ఆ చప్పుడే శుభసూచన. ఆపైన పావు చుట్టు విప్పడం, కాస్త వెనక్కి బిగించడం, మళ్లీ విప్పడం. అంబాసిడర్ మూలం బ్రిటిష్ మోరిస్ కాబట్టి దాని నట్లలో అంగుళాల కొలత ఉంటుంది. అర అంగుళం అంటే 12.7 మి.మీ. దానికి 13 మి.మీ. పానా ఎక్కినట్టే ఎక్కి, పట్టేసిన నట్టు మూలలు గుండ్రంగా చెక్కేస్తుంది. అలా గుండ్రమైనదానికి వైస్‌గ్రిప్ తప్ప దిక్కు లేదు.

కోసేయడం ఎప్పుడు

మారుతిలాంటి బండి బిగింపు బోల్టు సన్నటిది, చవకది, కొత్తది దొరుకుతుంది. గంట దాటి లొంగకపోతే దానిమీద జాలి అనవసరం, చేతి రంపంతో కోసేయడమే తెలివి. గ్రైండర్ వద్దు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. తీగలు రెండూ విప్పి, బ్యాటరీ మీద తడిగుడ్డ కప్పి కోయాలి. చార్మినార్‌కు కూతవేటు దూరంలో చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్‌లాంటి కారు సంగతి వేరు. అలాంటిదానికి ఆనాటి బోల్టే చరిత్ర, వారం నానబెట్టాల్సి వచ్చినా కోయకూడదు.

కొత్తది వేసేటప్పుడు ట్రే తుప్పు గీకి రంగు పూయాలి, మరలకు గ్రీజు, టెర్మినల్‌కు పెట్రోలియం జెల్లీ రాయాలి. తీగల్లో బాడీ వైపుది చివర బిగించాలి. బిగింపు మరీ ఎక్కువైతే డబ్బా పగులుతుంది. పాత బోల్టు పోయిందని సైకిలు ట్యూబు ముక్కతో బ్యాటరీని కట్టేసిన బళ్లు రోడ్ల మీద తక్కువేమీ కాదు. వేడికి రబ్బరు సాగుతుంది, గుంతలో పడ్డప్పుడు బ్యాటరీ ఎగిరి పాజిటివ్ టెర్మినల్ బానెట్ రేకుకు తగులుతుంది, మంటలు లేస్తాయి. తీసిన బ్యాటరీని దుకాణదారు ధర తగ్గించి వెనక్కి తీసుకుంటాడు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత తయారీదారుదే.