పల్నాటి సున్నపురాయి: బట్టీల చరిత్ర

పల్నాటి సున్నపురాయి పూర్వపు గుంటూరు జిల్లా పడమటి భాగంలో, కృష్ణా నది కుడి గట్టున విస్తారంగా దొరికే ఖనిజం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ ప్రాంతం ఉంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలకూ, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలకూ ఇదే ముడిసరుకు. వేడిమి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఈ రాయి సున్నమవుతుంది. బంకమట్టి వంటివి కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు క్లింకరు అవుతుంది.

శిల్పం నుంచి సున్నానికి

భూగర్భ శాస్త్రంలో దీన్ని కర్నూలు వర్గపు నార్జి సున్నపురాయి అంటారు. పలకలుగా చీలే గుణం, ఉలికి లొంగే మెత్తదనం ఉండడంతో అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పులు పల్నాటి రాతిని ఎంచుకున్నారు. ఆ శిల్పాలను పాలరాతివని పిలవడం వాడుకైనా అవి సున్నపురాతివే. కాలిస్తే సున్నమయ్యే గుణమే వాటికి చేటు తెచ్చింది. సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ 1797లో అమరావతి బౌద్ధ స్తూపం శిథిలాలను చూసిన కాలంలోనే స్తూపపు రాళ్లు ఇతర కట్టడాలకు తరలిపోతున్నాయి. కొన్ని ఫలకాలు బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం తర్వాత మద్రాసు, లండన్ మ్యూజియాలకు చేరింది.

సిమెంటు రాకముందు ఇళ్లకూ గుళ్లకూ గానుగ సున్నమే ఆధారం. సున్నం, ఇసుక కలిపి ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారు. గట్టిదనం కోసం బెల్లం నీళ్లు, కరక్కాయ రసం చేర్చడమూ ఉండేది. మిరప, పొగాకు నారుమళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందులో మైలుతుత్తంతో కలిపేదీ సున్నమే.

బట్టీలో జరిగే మార్పు

సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. వేడికి అది విడిపోయి బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది, పొడి సున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే దక్కేది 56 కిలోలే. ఈ మార్పు రాయి పైభాగం నుంచి లోపలికి సాగుతుంది. అందుకే మంట చాలకపోతే నడిమి భాగం రాయిగానే ఉండిపోతుంది. మంట మితిమీరితే సున్నపు రేణువులు దగ్గరికి చేరి గట్టిపడతాయి. అలాంటి సున్నం నీళ్లలో త్వరగా విరగదు. గోడకు పూశాక ఆలస్యంగా తేమ పీల్చి ఉబ్బి, పూతను పొక్కులు లేపుతుంది.

సిమెంటు యుగం

ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. తెలుగునాట ఆంధ్రా సిమెంట్ కంపెనీ 1936లో విజయవాడలో ఏర్పడింది. మాచర్లలో కె.సి.పి. సంస్థ సిమెంటు కర్మాగారం 1958లో మొదలైంది.

సిమెంటు బట్టీ కొద్దిగా వాలుగా అమర్చిన పొడవాటి ఉక్కు గొట్టం. అది నెమ్మదిగా తిరుగుతూ ఉంటే లోపలి సరుకు మంట వైపు జరుగుతుంది. సుమారు 1300 డిగ్రీలు దాటాక సరుకులో కొంత కరిగి ద్రవమవుతుంది. ఆ ద్రవంలో సున్నం, సిలికా కలిసి ఏలైట్ అనే స్ఫటికాలు ఏర్పడతాయి. సిమెంటుకు తొలి రోజుల బలం వీటివల్లే. క్లింకరును త్వరగా చల్లార్చకపోతే ఈ స్ఫటికాలు విచ్ఛిన్నం కావచ్చు, నాణ్యత పడిపోతుంది.

బట్టీని కాచే ఇటుక

సిమెంటు బట్టీలోని వేడికి ఉక్కు నిలవదు కాబట్టి గొట్టం లోపల వేడిని తట్టుకునే ఇటుక (ఫైర్ బ్రిక్) పేరుస్తారు. వేడి తక్కువగా ఉండే భాగానికి అల్యూమినా, సిలికా ఇటుకలు సరిపోతాయి. మంట తగిలే చోట మాత్రం సరుకులోని సున్నం వాటితో చర్య జరిపి, తేలిగ్గా కరిగే పదార్థాలుగా మారుస్తుంది. అక్కడ మెగ్నీషియా ఇటుకలు వాడతారు. మెగ్నీషియా కరగాలంటే సుమారు 2800 డిగ్రీలు కావాలి. పైగా అది సున్నపు దాడిని తట్టుకుంటుంది. ఇటుక మీద అంటుకునే క్లింకరు పొర మరో రక్షణ. బట్టీని ఆపి మళ్లీ వెలిగించినప్పుడు వేడిని మెల్లగా పెంచాలి. హఠాత్తుగా పెంచితే ఇటుక పెచ్చులూడుతుంది.

నేటి సమస్య

బట్టీల పొగలోని బొగ్గుపులుసు వాయువులో ఇంధనం నుంచి వచ్చేది కొంతే. మిగిలింది రాయి నుంచే వస్తుంది. టన్ను స్వచ్ఛమైన సున్నపురాయి పూర్తిగా కాలితే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఇంధనం మార్చినా ఈ లెక్క మారదు.