నసోనీ (రోమ్)

ఇటలీ రాజధాని రోమ్‌ వీధుల్లో రేయింబవళ్లు ఉచితంగా తాగునీరందించే పోత ఇనుప కొళాయి స్తంభాలను నసోనీ అంటారు. మేయర్ లుయీజీ పియాంచానీ హయాంలో 1874లో వీటిని నెలకొల్పడం మొదలైంది. తొలి నమూనాలకు డ్రాగన్ తలల ఆకారంలో మూడేసి ధారలుండేవి. పాంథియాన్ ఎదుటి చౌకులో అలాంటిది నేటికీ నిలిచి ఉంది. తరువాతివాటికి ఒకటే వంపు గొట్టం. పెద్ద ముక్కును తలపించే ఆ గొట్టమే పేరుకు మూలం.

స్తంభం ఎత్తు సుమారు 1.2 మీటర్లు, బరువు దాదాపు 100 కిలోలు. నగరంలో ఇవి రమారమి 2,500 ఉన్నాయి. ఎక్కువ నీరు రియేతీ ప్రాంతపు పెస్కియేరా ఊటల నుంచి వస్తుంది. గొట్టం పైభాగాన చిన్న రంధ్రం ఉంటుంది. కింది మూతిని వేలితో మూస్తే నీరు ఆ రంధ్రంలోంచి పైకి చిమ్ముతుంది. వంగి దోసిలి పట్టే పని లేకుండా తాగవచ్చు. ఈ తెలివైన ఏర్పాటును చాలామంది సందర్శకులు గమనించరు. ఎండాకాలంలో ఖాళీ సీసా వెంట ఉంటే నీళ్లు కొననక్కర్లేదు. ‘నాన్ పొటాబిలే’ అని రాసి ఉన్న ఫౌంటెన్ల నీరు మాత్రం తాగరాదు. 2017 కరవులో కొన్ని నసోనీలను మూసివేశారు.