నాయనమ్మ మాటా, ఆఫీసు ఫైలూ

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

హాస్టల్లో చేరిన మొదటి వారం "మీరు ఎవరు?" అనే ప్రశ్న ఎదురుకాని వాళ్లు మనలో ఉండరు. కొందరం తెగ పేరు సూటిగా చెప్పాం. కొందరం జిల్లా పేరు చెప్పి మాట మార్చాం. మాట మార్చిన సంగతి ఇంటికెళ్లి చెప్పుకోలేదు కూడా.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో శాలీ మోర్గాన్ అనే అమ్మాయికీ బడిలో ఇదే ప్రశ్న ఎదురైంది. మీరు ఏ దేశం వాళ్లు అని తోటి పిల్లలు అడిగారు. ఇంటికొచ్చి అమ్మను అడిగితే, ఇండియన్స్ అని చెప్పమంది. అవును, మన ఇండియానే! పిల్లలు నమ్మేశారు, ఆమే నమ్మింది. తాము ఆబోరిజినల్ అని, అంటే ఆ నేల ఆదివాసులే అని, ఆమెకు తెలిసేసరికి పదిహేనేళ్లు వచ్చాయి. 1987లో ఆమె రాసిన 'మై ప్లేస్' మొదలయ్యేది ఈ అబద్ధం దగ్గరే. ఇన్నాళ్లూ దేశం పేరు కూడా మనకు తెలియని ఒక అమ్మ, తన పిల్లల్ని దాచడానికి మన దేశం పేరు వాడుకుందన్న విషయం చదివి మేం కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాం.

ఎందుకు దాచింది? సిగ్గుతో అనుకుంటే పొరపాటు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం పదహారేళ్లలోపు ప్రతి ఆబోరిజినల్ బిడ్డకూ చట్టప్రకారం సంరక్షకుడు తల్లీ కాదు, తండ్రీ కాదు, 'చీఫ్ ప్రొటెక్టర్' అనే ఒక ఆఫీసరు. ప్రొటెక్టర్ అంటే రక్షకుడు. పేరు చూడండి! మిశ్రమ రక్తం పిల్లల్ని తల్లుల దగ్గర్నించి తీసుకుపోయి సెటిల్మెంట్లలో, మిషన్లలో పెట్టి, పనివాళ్లుగా తయారుచేశారు. శాలీ వాళ్ల అమ్మ గ్లాడిస్ అలా పిల్లల హోంలోనే పెరిగింది. గ్లాడిస్ తల్లి డైసీ యజమాని ఇంట్లో పనిమనిషి. అందుకే శాలీ నాన్న చనిపోయాక ఆ ఇద్దరు ఆడవాళ్ల భయమల్లా ఒక్కటే, ఈ పిల్లల్నీ ఎత్తుకుపోతారేమోనని.

శాలీ టేప్ రికార్డరు పట్టుకుని పెద్దవాళ్ల వెంటపడింది. డైసీ అన్న ఆర్థర్ సంతోషంగా చెప్పాడు. తర్వాత గ్లాడిస్ చెప్పింది. అందరికన్నా చివర డైసీ, అదీ సగమే. మిగతాది తనతోనే పట్టుకుపోయింది. ఆ ముగ్గురి మాటలూ వాళ్ల గొంతులోనే పుస్తకంలో ఉన్నాయి. మా లెక్కలో పుస్తకానికి ప్రాణం ఆ భాగాలే, శాలీ సొంత బాల్యం కాదు.

గొడవలు రాలేదా అంటే వచ్చాయి. డైసీ పనిచేసిన స్టేషన్ (అక్కడ పెద్ద పశువుల ఎస్టేటును అలా అంటారు) యజమానుల ఇంటి ఆడబిడ్డ, పుస్తకంలో తమ కుటుంబం మీద రాసింది నిజం కాదంటూ 2001లో తన జ్ఞాపకాలు తాను అచ్చు వేయించింది. ఇంకో వైపు జాకీ హగ్గిన్స్ అనే ఆబోరిజినల్ చరిత్రకారిణి కూడా ఈ పుస్తకాన్ని విమర్శించింది. తెల్ల పాఠకులకు మరీ సులువుగా మింగుడుపడేలా ఉందని ఆమె బాధ. మన గురించి వచ్చిన ప్రతి పుస్తకానికీ మనవాళ్లంతా చప్పట్లు కొట్టాలని ఏం లేదు కదా.

1988లో రూబీ లాంగ్‌ఫర్డ్ గినిబి, 2019లో గాయకుడు ఆర్చీ రోచ్, ఇలా ఇంకా చాలామంది తమ బతుకులు రాసుకున్నారు. ఆర్చీని చిన్నప్పుడే తీసుకుపోయారు. తల్లి చనిపోయిందని అక్క రాసిన ఉత్తరం బడిలో చేతికి అందేదాకా తనకో కుటుంబం ఉన్న సంగతే సరిగ్గా తెలియదు. 1997లో ప్రభుత్వ మానవ హక్కుల కమిషన్ నివేదిక ఇచ్చింది. సుమారు 1910 నుంచి 1970 దాకా, ప్రతి పదిమందిలో ఒకరు మొదలు ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా పిల్లల్ని ఇలా తీసుకుపోయారని లెక్క తేల్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 'మై ప్లేస్' వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

ఇక డోరిస్ పిల్కింగ్టన్ గరిమారా. ఈమె సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి.

ఆమె అసలు పేరు నూగి. ఒక స్టేషన్లో వింటమారా చెట్టు కింద పుట్టింది. ఆ పేరు నచ్చక యజమానురాలు డోరిస్ అని మార్చింది. పుట్టిన తేదీ ఎవరూ రాసుకోలేదు కాబట్టి ప్రభుత్వ శాఖ వాళ్లే 1937 జూలై 1 అని వేసేశారు. ఇది చదివి మాలో ముగ్గురం పదో తరగతి సర్టిఫికెట్లు తీసి చూసుకున్నాం. ఇద్దరికి జూన్ 1, ఒకరికి జూలై 1! హెడ్మాస్టరు వేసిన తేదీలే. పేరు మార్చినవాళ్లు కూడా మన గ్రూపులో ఉన్నారు.

డోరిస్ 1996లో రాసిన పుస్తకం తన తల్లి మోలీ కథ. 1931లో జిగలాంగ్ నుంచి మోలీని, చెల్లెళ్లు డైసీ, గ్రేసీలను (ఈ డైసీ వేరే) దూరంగా మూర్ రివర్ సెటిల్మెంటుకు పట్టుకుపోయారు. మోలీకి పద్నాలుగేళ్లు. మర్నాడే పారిపోయారు. దారి తెలియదు. అయితే కుందేళ్లు పొలాల్లోకి రాకుండా ప్రభుత్వమే ఉత్తర దక్షిణాలుగా కట్టించిన కంచె ఒకటి తమ ఊరి పక్కనించే పోతుందని మోలీకి తెలుసు. ఆ కంచె పట్టుకుని దాదాపు 1600 కిలోమీటర్లు నడిచారు. గ్రేసీ మధ్యలో దొరికిపోయింది. మిగతా ఇద్దరూ ఇల్లు చేరారు.

డోరిస్ ఈ కథ విన్నది పిన్ని డైసీ నోట. వాళ్లకు చదువు లేదు, తేదీలూ మైళ్లూ తెలియవు. ఏ కాలమో, ఎక్కడ ఏం తిన్నారో, ఎలా దాక్కున్నారో చెప్పగలరు. డోరిస్ ఆ మాటల్ని తీసుకుపోయి ప్రభుత్వ రికార్డులతో పోల్చింది. ఉత్తరాలు, టెలిగ్రాములు, పోలీసు రిపోర్టులు, పేపర్లో వచ్చిన ప్రకటన అన్నీ ఉన్నాయి. పట్టుకోవడానికి రాసుకున్న కాగితాలే, వాళ్లు నిజంగా నడిచారని సాక్ష్యం చెప్పాయి. అయితే భయం, ఆకలి, మోలీ తెలివి ఆ ఫైళ్లలో లేవు. అవి పిన్ని దగ్గర ఉన్నాయి. రెండూ కలిస్తేనే ఆ పుస్తకం అయింది. మన గూడేల గురించీ ఫైళ్లకు కొదవలేదు. అటవీ శాఖ దగ్గర, రెవెన్యూ దగ్గర కట్టలు కట్టలున్నాయి. పక్కన పెట్టి చూడటానికి పెద్దవాళ్ల మాటలు ఎన్ని ఎత్తి రాసుకున్నామో మీరే చెప్పండి.

2002లో సినిమా కూడా వచ్చింది, చాలామందికి కథ అక్కడిదాకానే తెలుసు. తర్వాత ఏం జరిగిందంటే, 1940లో మోలీని ఆపరేషన్ కోసం పెర్త్ తీసుకెళ్లి, అటునించి ఇద్దరు కూతుళ్లతో సహా మళ్లీ అదే మూర్ రివర్‌కు పంపారు. 1941 మొదట్లో ఆమె మళ్లీ పారిపోయింది. ఇద్దర్నీ మోయలేక ఏడాదిన్నర అన్నాబెల్‌ను ఎత్తుకుని నడిచింది. అక్కడే ఉండిపోయిన పెద్ద పిల్లే డోరిస్. తల్లిని మళ్లీ చూసేసరికి ఆమెకు ఇరవై దాటాయి. అన్నాబెల్‌ను మూడేళ్ల తర్వాత వచ్చి తీసుకుపోయారు. మోలీ 2004లో చనిపోయింది. చిన్న కూతురు మళ్లీ కంటపడలేదు.