కొయ్య స్పియర్‌గన్

ఊపిరి బిగబట్టి మునిగి చేపలను వేటాడేవారు వాడే తుపాకుల్లో ఒళ్లు కొయ్యది, బలం రబ్బరుది అయిన రకం ఇది. మందుగుండు ఉండదు. సాగదీసి తగిలించిన రబ్బరు పట్టీలు, ట్రిగ్గర్ నొక్కగానే ఉక్కు ఈటెను ముందుకు తోస్తాయి. పేరుకు తుపాకీయే గానీ చేసే పని విల్లుది. అల్యూమినియం, కార్బన్ ఫైబర్ గొట్టాలు వచ్చి దశాబ్దాలు గడిచినా కొయ్య పక్కకు తప్పుకోలేదు. పాతదనం మీద మోజు కొంత ఉంటే ఉండొచ్చు. అసలు కారణం మాత్రం రబ్బరు వెనక్కి కొట్టే దెబ్బ.

ఈ ఆట మొదట్లో తుపాకీయే లేదు. 1930లలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో అమెరికన్ రచయిత గై గిల్‌పాట్రిక్ విమానచోదకుల కళ్లద్దాల రంధ్రాలను పుట్టీతో పూడ్చి, పైన రంగు పూసి, చేతి ఈటెతో చేపల వెంట పడ్డాడు. ఆ అనుభవాలతో 1938లో ఆయన పుస్తకం వెలువడింది. 1937లో అక్కడే ఆయన్ని చూసిన ఆస్ట్రియా యువకుడు హాన్స్ హాస్ కూడా ఈటె పట్టాడు. తర్వాత కెమెరా వైపు మళ్లి సముద్రగర్భ చిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. ఆ దశాబ్దంలోనే నీస్‌లో స్థిరపడిన రష్యన్ అలెగ్జాండర్ క్రమరెంకో స్ప్రింగుతో పనిచేసే తుపాకీ రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక రబ్బరు ముందుకొచ్చింది. మార్సేయ్‌లో జార్జ్ బ్యూషా, రెనే కవలేరోల కంపెనీలు రబ్బరు తుపాకులను మార్కెట్లోకి తెచ్చాయి.

అమెరికా కథ వేరు. శాన్‌డియాగోలో 1933లో పుట్టిన ‘బాటమ్ స్క్రాచర్స్’ సంఘంలో జాక్ ప్రొడానోవిచ్, వాలీ పాట్స్ లాంటివారు కొనడం కన్నా చేసుకోవడాన్నే నమ్మారు. వాళ్ల కళ్లు పసిఫిక్‌లో రెండు వందల కిలోలు దాటే జెయింట్ సీ బాస్ మీద ఉండేవి. అంత చేపకు బరువైన ఈటె కావాలి, బరువైన ఈటెకు ఎక్కువ రబ్బరు కావాలి. రబ్బరు పెరిగిన కొద్దీ తుపాకీ ఎగిరిపడుతుంది, గురి తప్పుతుంది. దాన్ని అణచాలంటే తుపాకీ ఒళ్లే బరువెక్కాలి. కొయ్య తుపాకీ లావెక్కింది ఇందుకే. కాలిఫోర్నియాలో జే రిఫ్ తయారుచేసిన టేకు తుపాకులు ఈ దారిలోవే.

ఖరీదైన కొయ్య ఉంటేనే తుపాకీ అవుతుందనుకోవడం పొరపాటు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ సముద్రాల బజావు మునిగీతగాళ్లు దొరికిన కర్రను చెక్కి, రబ్బరు ముక్కలు కట్టి, పనికిరాని ఇనుమును సానబట్టి తుపాకీ చేసుకుంటారు. కళ్లద్దాల చట్రం కూడా కొయ్యదే. 2018లో వచ్చిన ఒక పరిశోధన, ఎక్కువసేపు ఊపిరి బిగబట్టడానికి తోడ్పడే ప్లీహం పొరుగునున్న సలువాన్ ప్రజల కన్నా బజావులకు సుమారు సగం పెద్దదని తేల్చింది. వాళ్ల వేటలో పనితనం సగం ఒంట్లోనే ఉంది.

తయారీదారులు ఎక్కువగా టేకునే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. దానిలోని నూనె నీటిని అంత తేలిగ్గా పీల్చనివ్వదు. తడిసి ఆరినా పెద్దగా వంకరపోదు. మహాగని, పడౌక్ కూడా వాడతారు. ఒకే దుంగలోంచి చెక్కడం కన్నా మూడు లేదా ఐదు పలకలను ఎపాక్సీతో అతికించడం మేలు. పక్కపక్క పలకల నారను ఎదురెదురుగా పెడితే, ఒకటి వంగబోతే రెండోది ఆపుతుంది.

పొడవు నీళ్లను బట్టి. రాళ్ల సందులకు 75 సెం.మీ., మధ్యధరా తీరానికి 90 నుంచి 110, ట్యూనాల నీలి నీళ్లకు 130 పైన. యూరప్‌లో పిడి చివర ఉంటుంది, అమెరికాలో నడుమకు జరుగుతుంది. అలా జరిపితే పొడవాటి తుపాకీని నీటిలో పక్కకు తిప్పడం సులువు.

అమరికలో ఎక్కువ తప్పులు జరిగేది తేలుడు విషయంలో. ఒకటిన్నర మీటరు పొడవు, 8 మి.మీ. మందం ఉన్న ఉక్కు ఈటె ఒక్కటే దాదాపు 600 గ్రాములు తూగుతుంది. ఈటెతో ఉన్నప్పుడు తుపాకీ మూతి వాలకుండా నీటిలో సమంగా నిలవాలి. ఈటె పోయాక మెల్లగా పైకి తేలాలి. అందుకే కొయ్యలో రంధ్రాలు తొలిచి సీసం పోసి సరిచూసుకుంటారు. రబ్బరును దాని అసలు పొడవుకు మూడు, మూడున్నర రెట్లు సాగేలా కోస్తారు. మరీ పొట్టిగా కోస్తే లాగలేక చేతులు పీకడమే గానీ ఈటె వేగం పెద్దగా పెరగదు, రబ్బరూ త్వరగా పాడవుతుంది.

ఈటెకు కట్టిన నైలాన్ తీగ మూతి చుట్టూ, ట్రిగ్గర్ దగ్గరి కొక్కేనికి రెండు మూడు మలుపులు తిరుగుతుంది. పెద్ద చేపలకు మరో పద్ధతి: తీగను తుపాకీకి కట్టకుండా నేరుగా నీటిపైన తేలే బెండుకు కడతారు. చేప లాక్కుపోయేది బెండును, మనిషినీ తుపాకీనీ కాదు. 1982లో మెక్సికోలోని గ్వాడలూపే దీవి దగ్గర టెర్రీ మాస్ ఈటెతో కొట్టిన బ్లూఫిన్ ట్యూనా బరువు 398 పౌండ్లు, అంటే సుమారు 180 కిలోలు. అలాంటి చేపను చేత్తో పట్టి ఆపే మనిషి లేడు.

వేట పదునెక్కిన కొద్దీ చట్టాలూ వచ్చాయి. శాన్‌డియాగో వేటగాళ్లు వెంటపడిన జెయింట్ సీ బాస్‌ను పట్టడాన్ని కాలిఫోర్నియా 1980ల మొదట్లో నిషేధించింది. ఫ్రాన్స్‌లో గాలి సిలిండర్లతో మునిగి వేటాడకూడదు, నీటి బయట తుపాకీ ఎక్కుపెట్టకూడదు. బహామాస్‌లో ట్రిగ్గర్ ఉన్న ఏ స్పియర్‌గన్‌కూ అనుమతి లేదు. అక్కడ వేటగాడు రబ్బరు తోడున్న ఈటెను చేత్తోనే లాగి వదలాలి.