ఓజే ఎలక్ట్రాన్: ముందు రాసిందెవరు?



ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఇన్‌వర్డు రిజిస్టరు రాసినవాణ్ణి. ఏ కాగితం ఏ తేదీన వచ్చిందో చూడటం నాకింకా పోని అలవాటు. ఆ దృష్టితోనే ఈ ప్రత్యేక సంచికకు సైన్సు చరిత్రలోని ఒక సంగతి రాస్తున్నాను.

ఒక లోహపు ముక్క పైపొరలో ఏయే మూలకాలున్నాయో తెలుసుకోవడానికి దాన్ని గాలి తీసేసిన పాత్రలో ఉంచి ఎలక్ట్రాన్లతో కొడతారు. ఆ దెబ్బకు పరమాణువు లోపలి కక్ష్యలోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్యలోనిది దిగుతుంది. దిగేటప్పుడు మిగిలే శక్తిని మరో ఎలక్ట్రాన్ అందుకుని బయటికి దూసుకొస్తుంది. (మన ఆఫీసుల్లో ఒక ఖాళీ నింపితే ఇంకో సీటు ఖాళీ అయినట్లు!) ఇలా వచ్చిన ఎలక్ట్రాన్ శక్తిని కొలిస్తే అది ఏ మూలకానిదో తెలుస్తుంది. పైనున్న కొద్దిపాటి పరమాణు పొరల్లోనివే శక్తి పోగొట్టుకోకుండా బయటపడగలవు గనుక లోపలి సరుకుతో పనిలేకుండా ఉపరితలం గుట్టు తెలిసిపోతుంది. ఉక్కు పెళుసుబారి విరిగినచోట, రేణువుల సరిహద్దుల్లో చేరిన పిసరంత భాస్వరాన్ని ఈ పద్ధతే పట్టిచ్చింది.

ఆ ఎలక్ట్రాన్‌కు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ ఓజే పేరు స్థిరపడింది. ఆయన 1923లో ఎక్స్ కిరణాలతో ప్రయోగాలు చేసి, క్లౌడ్ చాంబర్‌లో దాని జాడలు చూసి ప్రకటించారు. కాని బెర్లిన్‌లో పనిచేస్తున్న లీజె మైట్నర్ 1922లోనే ఈ విషయం అచ్చువేయించారు! ఓజే స్వతంత్రంగానే కనుగొన్నారు, ఆయన్ను తప్పుపట్టలేము. మైట్నర్ అప్పుడు తలమునకలుగా ఉన్నది బీటా కిరణాల చర్చలో. ఇది అందులో ఒక భాగంగా వచ్చింది. ఓజే మాత్రం దీన్నే పట్టుకుని లోతుగా పరిశోధించారు. అయినా తేదీ తేదీయే కదా.

యూదు కుటుంబంలో పుట్టినందువల్ల 1938లో ఆవిడ జర్మనీ విడిచి పారిపోవలసి వచ్చింది. స్టాక్‌హోమ్‌లో మానె సీగ్‌బాన్ సంస్థలో చోటు దొరికిందే గాని, తగిన పరికరాలూ సహాయకులూ దొరకలేదు. విచిత్రమేమిటంటే, ఆ సీగ్‌బాన్ గారి కుమారుడు కాయ్ సీగ్‌బాన్ తర్వాత ఉప్సాలాలో ఎక్స్ కిరణాలతో ఎలక్ట్రాన్లను వెళ్ళగొట్టి పదార్థాలను పరీక్షించే పద్ధతిని తీర్చిదిద్ది, 1981లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఓజే ఎలక్ట్రాన్లతో ఉపరితలాలను పరీక్షించవచ్చని 1953లో లాండర్ సూచించినా, అది ప్రయోగశాలల్లో నిత్యం వాడే సాధనం కావడానికి దారితీసింది 1968లో అమెరికాలో హారిస్ చేసిన కృషి. మైట్నర్ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. 109వ మూలకానికి 1997లో ఆవిడ పేరు ఖాయమయింది. ఇటీవల కొందరు 'ఓజే-మైట్నర్' అని రాస్తున్నారు. తేదీల వరస ప్రకారం ఆవిడ పేరే ముందుండాలని నా అభిప్రాయం.