శాసనముల నకళ్ళు – వాని సంరక్షణము

మాది తెలకపల్లి. పాతరాళ్ళపై అక్షరములను వెదకుట నాకు బాల్యమునుండి యలవాటు. చాల యేండ్ల క్రిందట నొక గుడి వాకిట నున్న శాసనమును శ్రమపడి వ్రాసికొని వచ్చితిని. పాఠము నేడును నా పుస్తకమున భద్రముగా నున్నది. కాని యా రాయి యే యూరిది, నేనే దినమున జూచితిని అను సంగతులు వ్రాయనైతిని. ఇప్పుడు జ్ఞాపకము రాదు. ఊరు తెలియని శాసనము చరిత్రకారున కేమి సాక్ష్యము చెప్పగలదు?

సేకరించుట పరిశోధనలో సగపాలు మాత్రమే. కర్నల్ మెకంజీ 1783లో ఈ దేశమునకు వచ్చి, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మున్నగు సోదరుల సాయమున కైఫీయతులను, శాసనముల నకళ్ళను రాసులుగా గూర్చెను. 1803లో బొఱ్ఱయ్యయు, 1821లో మెకంజీయు గతించిరి. ఆ రాశికి పట్టిక 1828లో గాని వెలువడలేదు. దానిని విల్సను పండితుడు ప్రకటించెను. సామగ్రి లండను, కలకత్తా, చెన్నపట్టణములకు చీలిపోయినది. జీర్ణించుచున్న కైఫీయతులకు బ్రౌనుదొర ప్రతులు వ్రాయించుటచేతనే పెక్కు మనకు దక్కినవి. ఒక్క ప్రతిగా నున్నది చెదపురుగు దయపై నున్నట్లే.

మన తెలంగాణమున, 1923లో దివంగతులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేరు దాల్చిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి భాగమును ప్రకటించెను. రెండవ భాగము 1960లో, అలంపురవాసి గడియారము రామకృష్ణశర్మగారి సంపాదకత్వమున వెలువడెను. అచ్చుపడిన పాఠమును ఎవ్వరైనను రాతితో సరిపోల్చి తప్పు దిద్దవచ్చును. పెట్టెలో దాచిన పాఠమునకు ఆ భాగ్యము లేదు.

ఊరిపేరు వ్రాసిన మాత్రమునను చాలదు. 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. 2016లో మా తెలకపల్లి మహబూబునగరము జిల్లానుండి నాగరుకర్నూలు జిల్లాకు మారినది. ఇక శ్రీశైల జలాశయము క్రింద ఊళ్ళే మునిగినవి. కూడలి సంగమేశ్వరాలయమును విప్పి, అలంపురమునకు తరలించి తిరిగి కట్టవలసి వచ్చినది. కావున పాతపేరు, కొత్తపేరు, రాయి మొదట నున్న చోటు, ఇప్పుడున్న చోటు – నాలుగును వ్రాయవలయును.

లక్ష శాసనములను మొదటి విడతలో డిజిటల్ రూపమునకు తెచ్చి, అందఱకు నందు భాండారముగా నుంచెదమని కేంద్రప్రభుత్వము 2023 బడ్జెటులో ప్రకటించెను. ఇది మెచ్చదగిన సంకల్పము. కాని యంత్రము అక్షరమును నిలుపునే గాని, మనము వ్రాయని యూరిపేరును కనిపెట్టదు.

కావున బయలుదేరకముందే నిర్ణయించుకొనుడు: ఏమేమి గుర్తింతుము? రెండవప్రతి ఎవరియొద్ద నుంతుము? మన తదనంతరము దాని నెవరు కాపాడుదురు? ఎప్పుడు లోకమున కిత్తుము? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు పుస్తకపు మొదటిపుటలో వ్రాసికొనుడు. నా పుస్తకమున ఆ పుట తెల్లగానే యుండెను. అందుచేతనే ఒక గ్రామము తన శాసనమును కోలుపోయినది.